సమ్మె రోజుల్లో తెరుచుకున్న గది

మున్సిపాలిటీ మీద నాకున్నన్ని ఫిర్యాదులు జనగామలో ఇంకెవరికీ ఉండి ఉండవు. అయినా ఆ ఆఫీసు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మనసులో ఒక దండం పెట్టుకుంటాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో చెప్పాలంటే, తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికి వచ్చిన ఆ సమ్మె కాలం గురించి చెప్పాలి.

మా పాప పుట్టగానే ఏడవలేదు. కాన్పు కష్టమై మెదడుకు గాలి అందలేదన్నారు. మూడేళ్లు నిండినా మెడ నిలవలేదు. కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుపోయేవి. మాట రాదు గానీ మన మాట అంతా తెలుస్తుంది. వాళ్ల నాయిన ఆలస్యంగా వస్తే అలుగుతుంది. పక్కింటి కోడి మా వాకిట్లోకి వస్తే విరగబడి నవ్వుతుంది.

మాది కొడకండ్ల. మా ఆయన అక్కడ మగ్గం నేసేవాడు. రోజూ కసరత్తులు చేయిస్తే పిల్ల కాళ్లు సాగుతాయని, లేకుంటే అలాగే ముడుచుకుపోతాయని వరంగల్ డాక్టర్లు చెప్పారు. ఆ కసరత్తులు నేర్పేది వరంగల్‌లోనే. అందుకని రైలు ఆగే ఊరు కావాలని జనగామకు కాపురం మార్చాం. మా ఆయన బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. వారంలో రెండు రోజులు పాపను చంకనేసుకొని పొద్దుటి రైలెక్కేదాన్ని.

ఆ రైల్లోనే ఒకామె పరిచయమైంది. నర్మెట్ట దగ్గరి తండా ఆమెది. భర్త బొంబాయిలో కూలికి పోయాడు. ఆమె జనగామలో మేస్త్రీ చేతికింద పని చేస్తూ మా వెనక వీధిలోనే ఒక గదిలో ఉండేది. కొడుక్కి ఐదేళ్లు. నడుము కింద బలం లేదు. వాణ్ని గుడ్డతో వీపుకు కట్టుకొని ఎంత దూరమైనా నడిచేది. వాడితో వాళ్ల భాషలో, నాతో తెలుగులో మాట్లాడేది. రైలు దిగేలోపు మేమిద్దరం ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడం కన్నా మున్సిపాలిటీని తిట్టుకోవడమే ఎక్కువ.

తిట్టుకోవడానికి కారణం ఉంది. జనగామలోనే, మున్సిపాలిటీ ఆఫీసు వెనక, ఇలాంటి పిల్లలకు కసరత్తులు చేయించడానికని ఒక గది కట్టారు. గోడ మీద రంగుల్లో రాశారు కూడా. ఎవరో పెద్దాయన వచ్చి రిబ్బన్ కత్తిరించి వెళ్లాడట. మేము ఆ ఊరు చేరేసరికి దానికి తాళం. కిటికీలోంచి చూస్తే లోపల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, పాడైపోయిన వీధిలైట్లు, చుట్టచుట్టిన పాత ఫ్లెక్సీలు. అది చాలదన్నట్టు మా ఇంటి ముందు మురికి కాలువ కొత్తగా తవ్వి, మీద బండలు వెయ్యకుండా వదిలేశారు. ఎవరో దాతలు ఇచ్చిన చక్రాల కుర్చీ ఇంట్లో మూలన పడింది. కాలువ దాటించే దారి లేక పాపను ఎత్తుకొని ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి దాటేదాన్ని. వానాకాలంలో కాలు జారితే ఇద్దరం అందులోనే.

అప్పుడు మున్సిపాలిటీకి పాలకవర్గం కూడా లేదు. ఎన్నికలు జరగక, ఎక్కడో ఉండే ప్రత్యేకాధికారి చేతిలో నడిచేది. వార్డులో అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. మిగిలింది ఆఫీసులో మేనేజర్ సారు ఒక్కడే. లావుపాటి మనిషి, కళ్లద్దాలు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. చెడ్డవాడు అనలేను. కసురుకునేవాడు కాదు. నేను ఎప్పుడు వెళ్లినా తలెత్తకుండా ఒకే మాట చెప్పేవాడు.

"పై నుంచి ఆర్డర్ రాలేదమ్మా. అచ్చినంక చూద్దాం."

చాలాసార్లు ఆ మాట కూడా దొరికేది కాదు. సారు మీటింగుకు పోయిండు, సారు ఫీల్డుకు పోయిండు అని బయటి నుంచే పంపేవాళ్లు. పాపను ఆ మెట్ల మీద కూర్చోబెట్టుకొని ఎదురుచూసి తిరిగి వచ్చేదాన్ని.

అంతలో సమ్మె వచ్చింది. ఉద్యోగులు, పంతుళ్లు, బస్సులు నడిపేవాళ్లు అందరూ పని ఆపేశారు. రైలు పట్టాల మీద జనం కూర్చున్నారు. బడులు మూశారు. చౌరస్తాలో పెద్ద టెంటు వేశారు. రోజుకొక వర్గం వాళ్లు పూలదండలు వేసుకొని అందులో నిరాహార దీక్షకు కూర్చునేవాళ్లు. ఒకరోజు వకీళ్లు, ఒకరోజు మంగలివాళ్లు, ఒకరోజు ఆటో డ్రైవర్లు. మా ఆయన దుకాణం మూసినప్పుడల్లా అక్కడే ఉండేవాడు. మాకూ తెలంగాణ కావాలి. నేనూ వంటావార్పు నిరసనలో రోడ్డు మీద పొయ్యి పెట్టి వండిన దాన్నే. అందులో అనుమానం లేదు.

కానీ పిల్ల కాళ్లకు సమ్మె సంగతి తెలియదు కదా. వరంగల్ పోవడానికి రైలు లేదు, బస్సు లేదు. నాకు తెలిసిన మేరకు ఇంట్లో కసరత్తులు చేయించాను. చాల్లేదు. కొన్నాళ్లకే తొడలు మళ్లీ బిగుసుకుపోవడం మొదలైంది. స్నానం చేయించేటప్పుడు కాళ్లు విడదీయబోతే పాప పళ్లు బిగపట్టి నా వంక చూసేది. ఏడ్చినా బాగుండేది.

ఒకరోజు పొద్దున తండా ఆమె కొడుకును వీపున కట్టుకొని మా ఇంటికి వచ్చింది. సమ్మెతో ఆమెకూ పని సరిగ్గా దొరకడం లేదు.

"అక్కా, ఆఫీసుకు పోతే సారు ఎన్నడూ దొరకకపోతుండె గద. ఇయ్యాల మున్సిపాలిటోల్లే దీక్షల కూసున్నరు. పొద్దూకేదాక టెంటు కింద నుంచి లేసెటందుకు లేదు. పోదాం పా."

నాకు నవ్వొచ్చింది. నిజమే, ఆయన ఇక ఏ మీటింగుకూ పోలేడు.

మేము వెళ్లేసరికి టెంటు కింద పాటలు నడుస్తున్నాయి. ముందు వరుసలో మేనేజర్ సారు మెడలో బంతిపూల దండతో జంపఖానా మీద బాసిపట్లు వేసుకొని కూర్చున్నాడు. ఆ టెంటును నడిపించేది రిటైరైన పంతులు ఒకాయన. తెల్లటి మీసాలు, భుజాన కండువా. ఊళ్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. మేము పిల్లలతో వచ్చింది చూసి ఆయనే జాగా చేయించాడు.

నేను నేరుగా మేనేజర్ సారు ఎదుట కూర్చున్నాను.

"సారూ, రైళ్లు లేవు. పిల్ల కాళ్లు ఎట్లయినయో చూడుండ్రి. ఆ గది జర తీపిస్తే మేమే ఏదో తంటాలు పడుతం."

ఆయన అటూ ఇటూ చూశాడు. "అమ్మా, సమ్మెల ఉన్నం. ఆఫీసు పని ముట్టద్దు. తాళం తీస్తే వీళ్లందరు నన్నేమంటరు?"

"సమ్మె లేనప్పుడు గూడ తియ్యలేదు గద సారూ," అన్నాను.

పక్కన కూర్చున్నవాళ్లు కొందరు నవ్వారు. ఆయన ముఖం చిన్నబోయింది. పంతులు మాత్రం నవ్వలేదు. మైకు తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఏం జరిగిందో అందరికి చెప్పు బిడ్డా. భయపడకు."

నేను అంతకుముందు ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. లేచి నిలబడాలంటే పాపను ఎవరికైనా ఇవ్వాలి. తండా ఆమె చేతుల్లో ఆమె కొడుకున్నాడు. కింద పడుకోబెడదామంటే చుట్టూ కాళ్లు, చెప్పులు. ఎదురుగా ఖాళీగా ఉన్నది మేనేజర్ సారు ఒడి ఒక్కటే.

"జర పట్టుకోండి సారూ. మెడ కింద చెయ్యి పెట్టాలె," అని ఆయన ఒళ్లో పడుకోబెట్టాను.

నేనేం మాట్లాడానో ఇప్పుడు వరుసగా గుర్తులేదు. గది గురించి, బస్తాల గురించి, కాలువ గురించి చెప్పాను. తెలంగాణ వస్తే మా పిల్లలకు కూడా వచ్చినట్టు ఉండాలని అన్నట్టు గుర్తు. చప్పట్లు కొట్టారు. మైకు ఇచ్చేసి వెనక్కి తిరిగి చూస్తే, పాప మేనేజర్ సారు చొక్కా కాలరును, దాంతోపాటు బంతిపూల దండనూ గుప్పిట్లో పట్టేసుకొని ఉంది.

మైకు చప్పుడుకు బెదిరింది. బెదిరితే దాని పిడికిలి బిగుసుకుంటుంది. దానంతట అది వదలాల్సిందే. బలవంతంగా విడదీస్తే నొప్పి. ఆయన వేళ్లతో మెల్లగా ప్రయత్నం చేసి, నా వైపు చూశాడు.

"ఎట్ల తియ్యాలమ్మా?"

"తియ్యద్దు సారూ. నిద్రపోతే అదే ఇడుస్తది."

"ఎంతసేపటికి పోతది?"

"అది మన చేతుల లేదు సారూ."

ఆయన తల వంచుకొని, కాలరు పట్టు తప్పకుండా, పాపను ఒళ్లో పెట్టుకొని అలాగే కూర్చున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చెయ్యి మార్చాడు. పాప నోట్లోంచి కారిన చొంగ ఇస్త్రీ చొక్కా మీద పడింది. నేను తుడవబోతే "ఉండనీ" అన్నాడు. పాటలు అయిపోయాయి, ఎవరెవరో మాట్లాడారు, ఎండ టెంటు అంచు దాటి లోపలికి వచ్చింది. టెంటు హౌస్ యజమాని, సాయిబు, మా వైపు ఇంకో పరదా కట్టించాడు.

చాలాసేపటికి మేనేజర్ సారు మెల్లగా అడిగాడు. "ఏం తింటదమ్మా?"

మెత్తగా పిసికిన అన్నం అని చెప్పాను. నీళ్లు ఎట్ల పోస్తవని అడిగాడు. నువ్వు పని చేసుకునేటప్పుడు ఎవరు చూస్తరని అడిగాడు. కాలువ ఎట్ల దాటుతవని అడిగాడు. అన్నిటికీ చెప్పాను. ఇన్నేళ్లలో ఆ ఆఫీసు మనిషి ఒకరు నన్ను ప్రశ్న అడగడం అదే మొదలు. నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆయనకూ ఒక మాట చెప్పాలనిపించిందేమో, "నాకు ఇట్ల అని తెల్వదమ్మా. కాళ్లు వంకర అంటే ఏదో పోలియో అసొంటిది అనుకున్న," అన్నాడు.

పాప నిద్రపోయి వేళ్లు వదిలాక ఆయన లేచి పంతులు దగ్గరికి వెళ్లాడు. అక్కడ కొంచెం గొడవ జరిగింది. యూనియన్ కుర్రవాళ్లు ఒప్పుకోలేదు.

"గేటు తాళం తీస్తే సమ్మె ఇడిసినట్టే సార్. రేపు పేపర్ల రాస్తరు," అన్నారు.

"ముందు గేటు ముట్టద్దు. ఆ గదికి వెనక సందు దిక్కు తలుపు ఉంది. అండ్లకెళ్లి పోవచ్చు," అన్నాడు మేనేజర్ సారు.

పంతులు కాసేపు మీసం దువ్వుకున్నాడు. "సర్కారు పని జెయ్యద్దన్నం గని, పిల్లల పని జెయ్యద్దని ఎవ్వలన్నరు?" అన్నాడు. "పొద్దుగాల నేను గూడ వస్త. ఎవలన్న రాస్తే నా పేరు రాయమనుండ్రి."

మర్నాడు పొద్దున వెనక సందులో ఉన్నంత మంది జనం నేను ఏ పండుగకూ చూడలేదు. సమ్మెలో ఉన్న ఊడ్చే ఆడవాళ్లు ముక్కులకు కొంగులు చుట్టుకొని వచ్చారు. యూనియన్ కుర్రవాళ్లు వచ్చారు. నిన్న కాదన్నవాళ్లే బస్తాలు భుజాన వేసుకొని మోశారు. మేనేజర్ సారు ఒక బస్తా ఎత్తబోతే అది అడుగున చిరిగి పౌడరంతా ఆయన మీద పడింది. తుమ్ములు ఆగక గోడ పట్టుకొని నిలబడ్డాడు. ఊడ్చే ఆడవాళ్లలో పెద్దామె ఆయనకు నీళ్ల చెంబు అందిస్తూ, "మేం దినాం గిదే పీలుస్తం సారూ," అంది. ఆయన ముఖం కడుక్కొని మళ్లీ లోపలికి వెళ్లాడు.

టెంటు హౌస్ సాయిబు రెండు జంపఖానాలు తెచ్చి పరిచాడు. "పెండ్లిళ్లల పరిచేటియి. పిల్లలు పొర్లితే మంచిదే," అన్నాడు. వాటిని మళ్లీ అడగలేదు. తండా ఆమె పని చేసే మేస్త్రీ, కట్టడం దగ్గర మిగిలిన బండలు ఆటోలో వేసుకొని వచ్చి మా ఇంటి ముందు కాలువ మీద పరిచాడు. ఆ సాయంత్రం పాపను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆ బండల మీదుగా బయటికి తోశాను. వీధి చివరి దాకా వెళ్లి వచ్చాం. పాప తల అటూ ఇటూ ఊగుతున్నా కళ్లు మాత్రం ఒక్క ఇంటినీ వదల్లేదు.

గది దొరికింది. నేర్పే మనిషి కావాలి కదా. వరంగల్‌లో కసరత్తులు చేయించే అమ్మాయిది గుంటూరు వైపు. కొత్తగా ఉద్యోగంలో చేరి హన్మకొండలో ఉండేది. "ఏంటమ్మా బంగారం, కాలు ఇలా ఇవ్వవూ" అంటే, ఆ యాసకే మా పాప నవ్వేది. నేను భయపడుతూనే ఫోన్ చేశాను. ఆ రోజుల్లో అటువైపు వాళ్లు ఈ రోడ్ల మీద తిరగడానికి జంకేవాళ్లు. సినిమాల్లో మా మాటను వెక్కిరించారని మాకు ఉన్న కోపం చిన్నదేమీ కాదు. అది ఎవరి మీద తిరుగుతుందో ఎవరికీ తెలియదు.

"ఇక్కడ పేషెంట్లే రావట్లేదండీ, ఊరికే కూర్చుంటున్నాను. పెద్ద డాక్టరు గారిని అడిగి స్కూటీ మీద వచ్చేస్తాను," అంది.

"దారిల రాస్తారోకోలు ఉంటయమ్మా. జర చూసుకొని రా," అన్నాను.

ఆ రోజు ఆమె చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ముఖం ఎండకు కమిలిపోయింది. దారిలో ఒకచోట రోడ్డుకు అడ్డంగా చెట్టుకొమ్మలు వేసి జనం కూర్చున్నారట. ఎక్కడికని అడిగితే ఈమె నోరు తెరిచింది. మాట వినగానే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. "జనగామలో పిల్లలున్నారండీ, కాళ్లు బిగుసుకుపోయాయి, కసరత్తులు చేయించాలి" అని చెప్పిందట. గుంపులోంచి ఒక ముసలాయన లేచి కొమ్మలు పక్కకు లాగి, తన సైకిలు ఎక్కి, తరువాతి ఊరి దాకా స్కూటీ ముందు వెళ్లాడట. అక్కడి వాళ్లకు కూడా ఆయనే చెప్పాడట, "మన పిల్లల కాడికి పోతుంది, దారి ఇయ్యుండ్రి" అని.

ఇది చెప్తూ చెప్తూ ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నేను ఆమెకు అన్నం పెట్టాను. ఆ ముసలాయన ఎవరో నాకు తెలియదు. తెలిస్తే వెళ్లి కాళ్లకు మొక్కేదాన్ని.

అలా సమ్మె ఉన్నన్నాళ్లూ వీలైనప్పుడల్లా వచ్చింది. మాతోపాటు ఇంకొందరు తల్లులు పిల్లల్ని తెచ్చారు. ఇన్ని ఇళ్లల్లో ఇలాంటి పిల్లలున్నారని నాకే తెలియదు. బతుకమ్మ రోజుల్లో చౌరస్తాలో ఆడి వచ్చిన ఆడవాళ్లు వెనక సందులోకి కూడా బతుకమ్మను తెచ్చి, గది ముందు పెట్టి, పిల్లల్ని నడుమ కూర్చోబెట్టి చుట్టూ తిరిగారు. తండా ఆమె కొడుకు ఆ గోడ పట్టుకొని నిలబడింది ఆ పండుగ వారంలోనే. వాళ్లమ్మ ఏదో వాళ్ల భాషలో అని, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

సమ్మె ముగిసి ఆఫీసు తెరిచిన రోజు నాకు బస్తాలు మళ్లీ లోపలికి వస్తాయనే భయం. పొద్దున్నే వెళ్లాను. మేనేజర్ సారు గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఒకటి నా దగ్గర ఉంది. ఇది మీ దగ్గర ఉండనీ. నేను బదిలీ అయినా మీరు అడగకుంట తీసుకునేటట్టు ఉండాలె," అన్నాడు.

ఆ తరువాత అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మెట్ల పక్కన వాలుదారి కట్టడానికి ఏడాది పైనే పట్టింది. కట్టినా మొదట ఎంత నిటారుగా కట్టారంటే, కుర్చీ తోస్తే మనమే వెనక్కి వచ్చేవాళ్లం. మళ్లీ పోట్లాడి పడగొట్టించాం. సమ్మె తరువాత కూడా వస్తూ ఉండిన గుంటూరు అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయాక చాలా నెలలు ఆమె జాగాలో ఎవరినీ వెయ్యలేదు. పాపకు వచ్చే పింఛను ఎందుకో ఆగిపోయేది, ఎందుకో మళ్లీ వచ్చేది. వీటన్నిటికీ తిరిగాను, అరిచాను. కానీ నా పక్కన ఇప్పుడు పదిమంది తల్లులు ఉండేవాళ్లు. మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చొని రావడం అన్నది మళ్లీ లేదు.

తెలంగాణ వచ్చిన రోజు ఊరంతా మిఠాయిలు పంచారు. పంతులు గది దగ్గరికి లడ్డూలు తెచ్చాడు. మా పాప నమలలేదు కాబట్టి ఒకటి పాలల్లో మెత్తగా కలిపి ఆయనే చెంచాతో పెట్టాడు.

పాప నడవలేదు. నడవదని నాకు ముందే తెలుసు. మెడ నిలబడింది, కూర్చుంటుంది, కాళ్లు విడదీస్తే ఇప్పుడు నొప్పి లేదు. తండా ఆమె కొడుకు కాళ్లకు బిగించిన పట్టీలతో, చేతికర్రలతో నడుస్తాడు. హన్మకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు.

మేనేజర్ సారుకు ముందు నా పుట్టింటి ఊరు మానుకోటకు, అదే మహబూబాబాద్‌కు, అక్కడి నుంచి భూపాలపల్లికి బదిలీ అయింది. మా చెల్లెలి భర్త భూపాలపల్లి బొగ్గుబావిలో పని చేస్తాడు. ఆ మధ్య ఘనపూర్ దాటి వాళ్లింటికి వెళ్లినప్పుడు, సారును ఒకసారి చూసి రావాలనిపించి అక్కడి మున్సిపాలిటీకి వెళ్లాను. జుట్టంతా పోయింది, మనిషి బాగా తగ్గాడు. ఆయన గదిలో ఒక చిన్న వయసు తల్లి నిలబడి ఉంది. భుజాన నాలుగేళ్ల పిల్లాడు. ఆమె గట్టిగా మాట్లాడుతోంది.

"పోయిన నెలనే చేపిస్తమన్నరు సారూ. ఇంక ఎన్నిసార్లు రావాలె?"

ఆయన లేచి ఆమెకు తన ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. "కూసో బిడ్డా. నీ మాట నిజమే, తప్పు మాదే. ముందుగాల పిలగాని సంగతి చెప్పు. మెడ నిలుస్తుందా?"

ఆమె కూర్చొని చెప్పడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆయన నన్ను చూసి గుర్తుపట్టి లేవబోతే, వద్దని చెయ్యి ఊపి, బయట బల్ల మీద కూర్చున్నాను. ఆమె చెప్పుకోవాల్సింది చాలా ఉన్నట్టుంది. నాకేం తొందర లేదు.